పిల్లలతో మా తొలి సముద్రయానం

విశాఖపట్నంలో ఉద్యోగం చేసేవారికి సముద్రమంటే ఒక ఆదివారపు సాయంత్రం. బీచిలో కాసేపు కూర్చోవడం, మురీ మిక్చరు పొట్లం కొనుక్కోవడం, పిల్లల చెప్పుల్లోని ఇసుక దులిపి బస్సెక్కడం. అంతటితో మన సముద్రానుభవం పూర్తి అవుతుంది. మన టౌన్‌షిప్‌లో పాతికేళ్ళు నివసించి ఒక్కసారైనా నీటి మీద ప్రయాణించని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2003 వేసవి వరకు మాదీ అటువంటి కుటుంబమే.

ఇటీవల మన సంస్థలో పనిచేస్తున్న యువ మిత్రుడొకరు మా ఇంటికి వచ్చారు. పదవీ విరమణ చేసినవారి వద్దకు యువకులు రావడమే అరుదు. వచ్చినవారు సాధారణంగా పింఛను కాగితాల గురించి అడుగుతారు. ఈయన అండమాన్ గురించి అడిగారు. "ఎల్.టి.సి. మీద వెళ్దామనుకుంటున్నామండీ. పిల్లలతో ఓడ ప్రయాణం మంచిదేనా? మా అమ్మాయికి పదిహేనేళ్ళు, అబ్బాయికి తొమ్మిది. అన్ని గంటలు ఓడలో కూర్చుంటే విసిగిపోరా?" అన్నారు. విసిగిపోతారని చెప్పాము. అయినా తీసుకువెళ్ళమని కూడా చెప్పాము. ఎందుకన్నది చెప్పబోయేసరికి కాఫీ చల్లారిపోయింది. అప్పుడు పూర్తిగా చెప్పలేకపోయిన దానిని ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. ఈనాడు విలాస నౌకలు వచ్చాయి. 2022 జూన్‌లో మన విశాఖ రేవు నుంచే అటువంటి నౌక ఒకటి పర్యాటకులతో చెన్నై దిశగా బయలుదేరింది. 2023 సెప్టెంబరులో వాటి కోసం రేవులో ప్రత్యేక టెర్మినల్ కూడా ప్రారంభమైంది. వాటిలో ఈతకొలనులు, పిల్లలకు ఆటల గదులు ఉంటాయి. మేము ఎక్కినది అటువంటిది కాదు. ద్వీపవాసులను, ఉద్యోగులను, తాపీ పనివారిని, వారి బియ్యపు మూటలను, ఊరగాయ జాడీలను మోసుకుపోయే ఓడ అది. పిల్లలకు వినోదం కల్పించే బాధ్యత ఏదీ దానికి లేదు.

మాకు ముగ్గురు పిల్లలు. అప్పటికి పెద్దవాడికి పదహారేళ్ళు, అమ్మాయికి పదమూడు, చిన్నవాడికి ఏడు. పెద్దవాడు వేరే ఊళ్ళో వసతిగృహంలో ఉండి ఇంటర్మీడియట్ ఎం.పి.సి. మొదటి సంవత్సరం పరీక్షలు వ్రాసి వచ్చాడు. అడిగిన దానికి "ఊఁ" అనేవాడు. అడగకపోతే అదీ లేదు. గదిలో ఫ్యాను వేసుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. చదివి చదివి అలసిపోయాడని మేము అనుకున్నాము. అలా అనుకోవడం మాకు సౌకర్యంగా ఉండేదని ఇప్పుడు తోస్తుంది.

ఎల్.టి.సి. బ్లాకు గడువు ముగియవచ్చింది. పిల్లలకు సెలవులు. కాలేజీవారు మాత్రం ఏప్రిల్‌లోనే రెండవ సంవత్సరం పాఠాలు మొదలుపెడతామన్నారు. రెండు వారాలు ఆలస్యంగా పంపుతామని ఫోను చేస్తే, అవతలి నుంచి ఒకాయన "రెండు వారాలంటే రెండు వేల ర్యాంకులండీ" అన్నాడు. ఆ లెక్క ఏ గణితశాస్త్రంలోనిదో అడగడానికి మాకు ధైర్యం చాలలేదు. ఆయనకు సర్దిచెప్పి ఫోను పెట్టేశాము.

ప్రయాణం సంగతి వినగానే పెద్దవాడు "మీరు వెళ్ళి రండి, నేను ఇంట్లో ఉంటాను" అన్నాడు. అమ్మాయి కిటికీ పక్క పడక తనకే ఇవ్వాలని షరతు పెట్టింది. చిన్నవాడు అంతకు ముందే కేబుల్ టి.వి.లో టైటానిక్ సినిమా చూసి ఉన్నాడు కనుక, మనం వెళ్ళే దారిలో మంచుకొండలు ఉంటాయా అని ఒకటికి పదిసార్లు అడిగాడు. బంగాళాఖాతంలో ఏప్రిల్ నెలలో మంచు కావాలంటే ఓడ క్యాంటీన్‌లోనే దొరకాలని చెప్పి ఊరుకోబెట్టాము.

టికెట్ల దగ్గర ఒక చిక్కు వచ్చింది. నాలుగు పడకల క్యాబిన్ ఒకటి, పక్క క్యాబిన్‌లో పరాయివారితో కలిపి ఒక్క పడక దొరికాయి. ఆ ఒంటరి పడక నాకంటే నాకని పెద్దవాడు ముందే చెప్పేశాడు. మా మనసుకు కొంచెం కష్టమనిపించింది. యుక్తవయసు పిల్లలతో ఓడ ఎక్కేవారు ఎవరైనా అడిగితే, వారికి వేరే క్యాబిన్ ఇమ్మనే ఇప్పుడు మేము సలహా చెబుతాము. ఆనాడు మాత్రం అది మా ఇష్టంతో జరిగినది కాదు.

మా ఓడ పేరు ఎం.వి. స్వరాజ్ ద్వీప్. పన్నెండు వందల మంది ప్రయాణికులు పట్టే ఆ ఓడను మన విశాఖలోని హిందూస్థాన్ షిప్‌యార్డులోనే నిర్మించారు. 1999లో అది పూర్తయింది. ఆ షిప్‌యార్డు మొదట సింధియా కంపెనీది కావడంతో ఆ ప్రాంతాన్ని మన ఊరివారు సింధియా అనే పిలుస్తారు. అక్కడ తయారైన తొలి ఓడ జల ఉషను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ గారు జలప్రవేశం చేయించారు. సాటి ప్రభుత్వరంగ సంస్థ కార్మికుల చేతి పని మీద మన కుటుంబంతో పన్నెండు వందల కిలోమీటర్లు వెళ్ళబోతున్నామన్నది మాకు ఆనాడు ఒక విధమైన గర్వంగా ఉన్నది. గ్యాంగ్‌వే ఎక్కుతూ ఇనుప పలకల అతుకులను చేత్తో తడిమి చూశాము. ఉద్యోగపు అలవాటు అది. అమ్మాయి సిగ్గుతో పక్కకు తిరిగింది.

సాయంత్రం నాలుగున్నరకు ఓడ కదిలింది. టగ్గులు ఓడను మెల్లగా రేవు నుంచి వేరు చేశాయి. లోపలి రేవు నుంచి సముద్రానికి పోయే సన్నని కాలువ గుండా ఓడ సాగుతుంటే కుడి ప్రక్క డాల్ఫిన్స్ నోస్ కొండ చేతికి అందేటట్లు కనిపించింది. ఎడమ ప్రక్క మూడు గుట్టలు, వాటి మీద వేంకటేశ్వరస్వామి గుడి, దర్గా, మాత చర్చి. ముప్పై సార్లయినా ఆ గుట్టలెక్కి ఓడలను చూసి ఉంటాము. ఓడ నుంచి ఆ గుట్టలను చూడడం అదే మొదటిసారి. గట్టున నిలబడి చేతులూపుతున్నవారు మాకు తెలియనివారే అయినా మేమందరం చేతులూపాము. పెద్దవాడు జేబులో నుంచి చేతులు తీయలేదు. పైలట్ తన పడవలోకి దిగి వెనక్కు వెళ్ళిపోయాడు. ఓడ మొదటిసారి ఒక ప్రక్కకు ఒరిగి లేచింది.

సముద్రపు వికారం గురించి మేము ముందుగానే విచారించి ఉన్నాము. చెవి లోపలి భాగం ఓడ ఊగుతున్నదని చెబుతుంది. క్యాబిన్ గోడలను చూస్తున్న కన్ను ఏమీ కదలడం లేదంటుంది. ఆ రెండింటి తగవు కడుపు మీదికి వస్తుంది. కనుక అవోమిన్ మాత్రను వికారం మొదలు కాకముందే వేసుకోవాలని, ఖాళీ కడుపుతో ఉండరాదని, ఓడ నడిమి భాగంలో కింది అంతస్తున ఊగుడు తక్కువని పిల్లలకు బోధించాము. ఇంత బోధించిన తల్లిదండ్రులం ఇద్దరమూ సామాను సర్దే తొందరలో మాత్ర వేసుకోవడం మరిచాము. రాత్రి ఎనిమిది గంటలకు ఇద్దరం పడకలెక్కాము. మరునాడు రాత్రి దాకా దిగలేదు.

ఆ ఇరవై నాలుగు గంటల్లో మా ఇంటి పరిపాలన పూర్తిగా చేతులు మారింది. కిటికీ పక్క పడక కోసం పోట్లాడిన అమ్మాయి ఆ పడకను అమ్మకు ఇచ్చి, క్యాంటీన్ నుంచి బిస్కెట్లు, నిమ్మరసం తెచ్చింది. భోజనం కూపన్లు లెక్కపెట్టి చీరకొంగుకు బదులు తన పెన్సిలు డబ్బాలో దాచింది. తమ్ముడికి తల దువ్వింది. ఓడ అధికారి ఒకరిని అడిగి, పిల్లలను కెప్టెన్ గారి నడిపే గదికి తీసుకుపోయి, అక్కడి పటం మీద మనం ఎక్కడున్నామో చూసి వచ్చి, అక్షాంశ రేఖాంశాలు పుస్తకంలో వ్రాసుకుంది. ఇంటివద్ద మంచినీళ్ళ గ్లాసు అందుకోని పిల్ల. మేము పడకలలో నుంచి ఒక కన్ను తెరిచి ఇదంతా చూశాము.

ఆ మొదటి పగలు వైద్యం చేసినది మాత్రలు కాదు, ఒక ముసలమ్మ. సోంపేట వైపు నుంచి వస్తున్న ఆమె మా క్యాబిన్ తలుపు తెరిచి ఉండడం చూసి ఆగింది. కొడుకు అండమాన్‌లో మేస్త్రీ అట, ఆమెకు ఇది ఏడో ప్రయాణమట. "ఏటమ్మా, కళ్ళు తిరుగుతన్నాయా? గదిలో పడుకుంటే మరీ తిరుగుతాది. పైకెళ్ళి ఆకాశం, నీరు కలిసిన కాడ సూడండి. ఇది సప్పరించండి" అని కొంగున కట్టిన మామిడి ఒరుగు ముక్క చేతిలో పెట్టింది. ఒరుగు పనిచేసింది. పైకి వెళ్ళేందుకు మాత్రం మాకు కాళ్ళు రాలేదు.

ఆ రాత్రి ఎనిమిది దాటిన తరువాత చిన్నవాడు కనిపించలేదు.

అన్నయ్య దగ్గర ఉన్నాడని అమ్మాయి అనుకుంది. పక్క క్యాబిన్‌లో చూస్తే అన్నయ్యా లేడు. అక్కడి ప్రయాణికులు అతడు పగలంతా కూడా క్యాబిన్‌కు రాలేదన్నారు. మేమిద్దరం గోడలు పట్టుకుని లేచాము. క్యాంటీన్‌లో లేడు. మెట్ల దగ్గర లేడు. పై డెక్కు మీద గాలి హోరు, దీపాల వెలుగు కమ్మీల వరకే, దాని అవతల నల్లని చీకటి. ఊళ్ళో పిల్లవాడు కనిపించకపోతే బజారుకు ఒకరు, బడి వైపు ఒకరు వెళ్ళి వెదుకుతారు. ఓడలో కనిపించకపోతే మనసు వెదికే చోటు ఒక్కటే. ఆ అరగంట గురించి ఇంతకంటే వ్రాయలేము. పర్సర్ వద్దకు వెళ్ళాము. ఆయన మైకులో పేరు పిలిపిస్తానని కాగితం తీసుకున్నాడు. వివరాలు చెప్పబోయేసరికి, వాడు ఆనాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో మా ఇద్దరికీ తెలియలేదు. అమ్మాయికి తెలుసు. పసుపు పచ్చది.

ఇంతలో సిబ్బందిలో ఒకరు వచ్చి, బంకు క్లాసులో ఒక పసివాడు నిద్రపోతున్నాడని చెప్పారు. కింది అంతస్తుకు దిగాము. వరుసలు వరుసలుగా ఒకదాని మీద ఒకటి పడకలు, తాళ్ళ మీద ఆరవేసిన తువాళ్ళు, చుట్ట వాసన, కొబ్బరినూనె వాసన. సోంపేట ముసలమ్మ ఒడిలో తల పెట్టుకుని మా చిన్నవాడు నిద్రపోతున్నాడు. ఆ ప్రక్కనే నేల మీద ఒక రేకు ట్రంకు పెట్టె. దాని మూత మీద సుద్దముక్కతో పులిజూదం గీసి ఉన్నది. దానికి ఒక వైపున నలుగురైదుగురు కూలివారు. రెండో వైపున మా పెద్దవాడు, చింతగింజలు చేతిలో పట్టుకుని, ఎవరి మాటకో విరగబడి నవ్వుతున్నాడు. వాడి నవ్వు విని ఎంతకాలమైందో మాకు జ్ఞాపకం రాలేదు.

తిట్టడానికి సిద్ధపడే దిగాము. "తిట్టకండి బాబూ. ఆకలన్నాడు, అటుకులూ బెల్లమూ పెట్టినాను. తిని తొంగున్నాడు" అన్నది ముసలమ్మ. పెద్దవాడు మమ్మల్ని చూసి నవ్వు ఆపేశాడు. చిన్నవాడిని భుజాన వేసుకుని పైకి తెచ్చాము. ఆ రాత్రి పెద్దవాడిని ఏమీ అనలేదు. నవ్వు ఆగిపోయినది మమ్మల్ని చూసి అన్న సంగతి మాకు నిద్ర పట్టనివ్వలేదు.

మూడవ రోజుకు మా తల నిలిచింది. పైకి వెళ్ళి కూర్చున్నాము. విశాఖ తీరంలో పచ్చగా ఉండే నీరు ఇక్కడ సిరా రంగుకు తిరిగింది. నాలుగు దిక్కులా గీత గీసినట్లు నీరే. అప్పుడప్పుడు ఎగిరే చేపలు వెండి రేకుల్లా లేచి, కొంత దూరం పోయి మునిగేవి. పెద్దవాడు తనంతట తానే వచ్చి మా ప్రక్కన నిలబడ్డాడు. "పన్నెండు వందల కిలోమీటర్లు, అరవై గంటలు. గంటకు ఇరవై కిలోమీటర్లు. సైకిలు తొక్కినా ఇంతే నాన్నా" అన్నాడు. నెల రోజుల్లో వాడు మాతో పలికిన అతి పొడవైన వాక్యం అది. ఆ సాయంత్రం విశాఖలో కంటె ముందుగానే పొద్దు గుంకింది. తూర్పుకు పోతున్నాము కదా, గడియారం అదే అయినా సూర్యుడు తొందరపడుతున్నాడని వాడే చెల్లెలికి వివరించాడు.

వాడికి బంకు క్లాసులో ఒక స్నేహితుడు దొరికాడట. టెక్కలి దగ్గరి పల్లెవాడు, వాడి ఈడువాడే. తండ్రితో తాపీ పనికి పోతున్నాడు. (ఆ స్నేహం నిలిచింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మా ఇంట్లో అందరికంటె ముందు గాబరాపడినది మా పెద్దవాడే. అందరం బాగున్నామని ఆ కుర్రవాడు వ్రాసిన కార్డు వచ్చిన రోజున వాడు అన్నం తిన్నాడు.)

రాత్రి భోజనాల తరువాత చిన్నపిల్లలు పడుకున్నారు. పెద్దవాడు క్యాబిన్ తలుపు తట్టి, పైకి రండి, ఒకటి చూపిస్తానన్నాడు. ఓడ వెనుక భాగానికి తీసుకుపోయాడు. ఓడ చీల్చిన నీటిలో నీలి ఆకుపచ్చ వెలుగు మిణుకుమిణుకుమంటూ వెనక్కు పోతున్నది. నీటిని కదిలిస్తే వెలిగే సూక్ష్మజీవులని ఓడలోని వారెవరో వాడికి చెప్పారట. చాలాసేపు ముగ్గురమూ కమ్మీ పట్టుకుని చూశాము.

"ఫలితాల్లో నా నంబరు ఉండదు" అన్నాడు.

మొదట మాకు అర్థం కాలేదు. గణితం వన్-బి పేపరులో పావు వంతు కూడా వ్రాయలేదట. మిగిలినవి తెలియక కాదట. కాగితం ముందు పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాడట. జనవరిలో వారపు పరీక్షల్లో మార్కులు తగ్గాయని మొదటి సెక్షను నుంచి నాలుగో సెక్షనుకు మార్చారట. వసతిగృహంలో కూడా వేరే భవనానికి పంపారట. "పరుపు, ట్రంకు పెట్టె నేనే మోసుకుంటూ వెళ్ళాను, అందరూ చూస్తుండగా. రెండుసార్లు తిరగాల్సివచ్చింది" అన్నాడు. కొంతసేపు ఆగి, "సంక్రాంతికి వచ్చినప్పుడు మీకు చెప్పాను, అక్కడికి వెళ్ళనని" అన్నాడు.

చెప్పాడు. నిజమే. ఈ రెండేళ్ళూ ఓర్చుకోమన్నాము. అరిసెలు డబ్బాలో పెట్టి బస్సెక్కించాము.

"కింద వాడున్నాడు చూశారా, పది తప్పాడు. తప్పానని నవ్వుతూ చెప్పాడు, మొదటి రోజే. నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేకపోయాను" అన్నాడు.

ఈ మాట ఇంట్లో వినివుంటే ఏమి జరిగేదో మాకు బాగా తెలుసు. ఒకరం వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసేవారం, ఒకరం చొక్కా తగిలించుకుని బయటికి వెళ్ళేవారం. తెల్లవారేలోగా బంధువులకు ఫోనులు చేసి, వాడు లేకుండానే వాడి సంగతి తేల్చేసేవారం. ఓడ మీద వంటిల్లు లేదు. ఫోను లేదు. కోపంతో బయటికి వెళ్ళిపోవడానికి బయట అన్నదే లేదు. ముగ్గురమూ ఒక చెక్క బల్ల మీద కూర్చున్నాము. ఏదైనా మంచి మాట చెప్పాలని ఇద్దరమూ ప్రయత్నించాము, ఒక్కటీ తోచలేదు. చివరకు అమ్మ అడిగినదల్లా "ఆ ట్రంకు పెట్టె చాలా బరువు కదరా, పుస్తకాలతో ఎలా ఎత్తావు?" అని. దానికి వాడు ఏడ్చాడు. ఒంటిగంట దాకా కూర్చున్నాము. వాడు చెబుతూనే ఉన్నాడు, మేము వింటూనే ఉన్నాము. పదహారేళ్ళలో ఒకే కూర్పుగా అంతసేపు వాడి మాట మేము వినలేదు.

తెల్లవారి దీవులు కనిపించాయి. రెండు పగళ్ళు నీలం తప్ప ఏమీ చూడని కంటికి ఆ పచ్చదనం మరీ పచ్చగా కనిపించింది. అప్పటి ఇరవై రూపాయల నోటు వెనుక దీపస్తంభం, కొబ్బరిచెట్లు ఉండేవి. ఆ దృశ్యం అక్కడి నార్త్ బేదే. దానిని మౌంట్ హ్యారియట్ మీది నుంచి చూసినట్లు ముద్రించారు. ఆ కొండకు 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. చిన్నవాడు నోటు చేత్తో పట్టుకుని దానినీ తీరాన్నీ మార్చి మార్చి చూశాడు. హడ్డో రేవులో దిగితే నేల ఊగుతున్నట్లుంది. ఆటో మనిషి తెలుగులోనే ఎక్కడికని అడిగాడు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. బజారులో తెలుగు మాట వినపడని వీధి లేదనిపించింది.

చూసిన స్థలాల గురించి ఈ పత్రికలో లోగడ ఇతర మిత్రులు వ్రాశారు కనుక వివరించము. సెల్యులర్ జైలు సంగతి ఒక్కటి. 1906లో పూర్తయిన ఆ జైలుకు ఏడు పార్శ్వాలు ఉండేవి, మిగిలినవి మూడు. 1979 ఫిబ్రవరిలో దానిని జాతీయ స్మారకంగా ప్రకటించారు. రంప పితూరీలో పట్టుబడిన మన్యం వీరులను, 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వేంకటాచారి గారిని ఆ దీవులకే పంపారు. ఒక కొట్లోకి అందరం వెళ్ళాము. పదమూడున్నర అడుగుల పొడవు, ఏడడుగులకు కొంచెం మించిన వెడల్పు, చేతికి అందని ఎత్తులో చిన్న కిటికీ. చిన్నవాడు కూడా మాట్లాడలేదు. పెద్దవాడు నాలుగు గోడలూ చూసి "మా హాస్టలు గది దీనికంటే కొంచెం పెద్దది. కాని ఎనిమిది మందిమి" అన్నాడు. ఆ పోలిక తప్పని చెప్పవచ్చును. ఆ వీరుల త్యాగంతో పోల్చరాదని ఒక ఉపన్యాసం కూడా ఇవ్వవచ్చును. ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే అబర్డీన్ బజారులోని ఎస్.టి.డి. బూతుకు వెళ్ళాము. ఫలితాలు వచ్చాయని మా తమ్ముడు చెప్పాడు. హాలు టికెట్టు నంబరు పెద్దవాడే చదివాడు. అటు నుంచి మార్కులు ఒక్కొక్కటే చెబుతుంటే వాడు అరచేతి మీద వ్రాసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. వన్-బి లో మాత్రం డెబ్బై ఐదుకు పందొమ్మిది. గట్టెక్కడానికి ఇరవై ఆరు రావాలి.

"పందొమ్మిదా! నేను పన్నెండే అనుకున్నాను" అన్నాడు.

బూతు యజమాని మా ముఖాలు చూసి బిల్లు చేతికిచ్చాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాము. ఏమి జరిగిందో తెలియని చిన్నవాడు, అందరూ నవ్వుతున్నారు కనుక ఇదే సమయమని ఐస్‌క్రీం అడిగాడు. అందరం తిన్నాము.

తిరుగు ప్రయాణంలో మాత్రలు వేళకు వేసుకున్నాము. అమ్మాయి తన పుస్తకంలో అక్షాంశ రేఖాంశాలను వెనుక నుంచి ముందుకు సరిచూసుకుంది. పెద్దవాడు పగలు కొంతసేపు లెక్కలు చేశాడు, కొంతసేపు తమ్ముడికి పులిజూదం నేర్పాడు. ఇక ఆ కాలేజీకి పంపబోమని, టౌన్‌షిప్ నుంచి రోజూ వెళ్ళివచ్చే కాలేజీలో చేర్పిస్తామని వాడికి చెప్పినది ఆ ఓడ మీదనే. కట్టిన ఫీజు తిరిగిరాదని మాకు తెలుసు. అది మన సంస్థ మాకిచ్చే రెండు నెలల జీతం కంటె ఎక్కువ. వాడు "సరే" అన్నాడు. వాడి "సరే"లో ఎంత సంతోషం ఉన్నదో మాకు తెలియలేదు. ఆ తప్పిన పేపరు మళ్ళీ వ్రాసి గట్టెక్కాడు. రెండు వేల ర్యాంకులు పోయాయో లేదో లెక్క చూడలేదు.

ఆఖరి రాత్రి మూడు గంటలకు వాడు మా క్యాబిన్ తలుపు తట్టాడు. పైకి వెళ్ళాము. సముద్రం నిలకడగా ఉన్నది. పడమట చాలా దూరాన ఒక దీపం వెలిగి ఆరుతున్నది, మళ్ళీ వెలుగుతున్నది. డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభం. వాడు వేళ్ళు మడిచి రెండు వెలుగుల మధ్య క్షణాలు లెక్కపెడుతున్నాడు. చెల్లెలు అప్పటికే వాడి ప్రక్కన దుప్పటి కప్పుకుని నిలబడి ఉన్నది.

"తమ్ముణ్ణి లేపమంటారా?" అని అడిగాడు.

లేపమన్నాము.